కమరోన్ గొంతు కాదు, కమరోన్ లెక్క
(ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం.

రొయ్యతో మొదలుపెడతాను. స్పానిష్‌లో కమరోన్ అంటే రొయ్య. భీమవరం చెరువుల్లో పెంచే జానెడు రొయ్య కాదు. స్పెయిన్ దక్షిణ కొసన కాదిజ్ అఖాతం ఉప్పునీటి కయ్యల్లో దొరికే గోరంత రొయ్య అది. పట్టి చూస్తే అవతలి వేలు కనపడేంత పల్చన. దాన్ని అక్కడెవరూ ఒలవరు. శనగపిండి, గోధుమపిండి కలిపి జారుగా చేసి, ఉల్లిపాయ తరుగు వేసి, రొయ్యల్ని పొట్టుతో సహా అందులో కలిపి, నూనెలో పల్చగా పరిచి కరకరలాడేట్టు వేయిస్తారు. ఆ ఊరి పేరు సాన్ ఫెర్నాండో. స్థానికులు మాత్రం దాన్ని ‘లా ఇస్లా’, అంటే ద్వీపం, అనే పిలుచుకుంటారు. ఆ ఊళ్లో ఒక జిప్సీ కమ్మరి ఇంట్లో బక్కపల్చగా, తెల్లగా, బంగారు రంగు జుట్టుతో ఒక పిల్లవాడు పుట్టాడు. ఆ ఇళ్లలో అలాంటి రంగు అరుదు. బంధువు ఒకాయన వాణ్ణి చూసి ‘రొయ్య’ అన్నాడు. ఆ పేరే స్థిరపడింది: కమరోన్ దె లా ఇస్లా, ద్వీపం రొయ్య. (నవ్వులు)

స్పెయిన్ దక్షిణాది పాట, గిటార్, నాట్యం కలిసిన కళ ఫ్లమెంకో. దానికి ఆయన మహా గాయకుడు. అసలు పేరు హొసే మోన్హే క్రూస్. పుట్టింది 1950 డిసెంబర్ 5న. ఎనిమిది మంది పిల్లల్లో ఏడోవాడు. తండ్రి కొలిమి పని, తల్లి హువానా బుట్టలు అల్లేది, బాగా పాడేది కూడా. తండ్రి ఉబ్బసంతో త్వరగా పోయాడు. ఎనిమిదేళ్లకే ఈ పిల్లవాడు రన్‌కపీనో అనే స్నేహితుడితో కలిసి సత్రాల్లో, బస్సులు ఆగే చోట్ల పాడి చిల్లర సంపాదించేవాడు. ఎద్దులతో పోరాడే తొరేరో కావాలని ఉండేదట. మన అదృష్టం, అది కుదరలేదు.

జిప్సీలను స్పెయిన్‌లో ‘హితానో’లంటారు. వీళ్ల పూర్వీకులు వాయవ్య భారతం నుంచి శతాబ్దాల పాటు నడిచి వెళ్లినవాళ్లని భాషాశాస్త్రం తేల్చింది. స్పెయిన్‌లో వాళ్ల గురించి దొరికే తొలి కాగితం 1425 నాటిది, ఆరగోన్ రాజు ఇచ్చిన ప్రయాణ అనుమతి పత్రం. వాళ్ల ‘కలో’ మాటల్లో నీళ్లను ఇప్పటికీ ‘పన్యీ’ అంటారు. దీన్నిబట్టి ఫ్లమెంకో మన సంగీతమేనని చెప్పేవాళ్లు సభకొకరు తగులుతారు. అది నిలబడే మాట కాదు. ఫ్లమెంకో స్పెయిన్ దక్షిణ ప్రాంతమైన ఆందలూసియాలో పుట్టింది. అక్కడి పల్లెపాట, అరబ్బుల కాలం నాటి ఛాయలు, హితానోల గొంతు, ఓడరేవుల్లో దిగిన అమెరికా లయలు కలిసి 19వ శతాబ్దంలో దానికి ఇప్పుడున్న రూపం వచ్చింది. మన వరుసలతో దాన్ని కొలవచ్చు, దానివల్ల అర్థమవడం తేలికవుతుంది. ఇవాళ నేను చేయబోయేది అదే. కొలతబద్ద మనదైనంత మాత్రాన గుడ్డ మనది కాదు.

ఇంకో సంగతి చెప్పాలి. 1749 జులై చివర్లో స్పెయిన్ రాజ్యం హితానోలందర్నీ ఒకేసారి పట్టి బంధించింది. ఆడవాళ్లను, చిన్నపిల్లల్ని ఒకవైపు, మగవాళ్లను మరోవైపు వేరుచేసి, మగవాళ్లను నౌకాదళ కర్మాగారాల్లో వెట్టిపనికి పంపింది. అలాంటి కర్మాగారాల్లో ఒకటైన లా కర్రాకా, ఈ సాన్ ఫెర్నాండో పక్కనే ఉంది. గిటార్ లేకుండా పాడే తోనా, మార్తినేతే పాటల్లో జైలు, గొలుసు, సుత్తి ఎందుకు తిరుగుతుంటాయో దీనితో తెలుస్తుంది. మార్తినేతే కొలిమి పాట. పక్కవాద్యం ఉంటే గింటే దాగలి మీద సుత్తి దెబ్బే. కమ్మరి కొడుక్కి అది ఇంటి చప్పుడు.

ఇక అసలు విషయం. కమరోన్ అనగానే అందరూ గొంతు గురించే చెబుతారు. గరగర, చీలిక, గుండె పిండడం. నేను దానికి అడ్డం వస్తున్నాను. గొంతులు చాలామందికి ఉన్నాయి. కమరోన్‌కి ఉన్నది లెక్క. ఏ మాటను తాళంలో ఎన్నో అక్షరం దాకా ఆపి ఎక్కడ దించాలో ఆయనకు తెలిసినట్టు ఇంకెవరికీ తెలియలేదు. అది వినపడాలంటే ముందు మీ చేతులు కదలాలి.

(చప్పట్లతో చేసి చూపిస్తూ) ఫ్లమెంకోలో తాళాన్ని ‘కోంపాస్’ అంటారు. ముఖ్యమైన పాటలు చాలావరకు 12 అక్షరాల ఆవృతంలో నడుస్తాయి. అక్షరమంటే ఇక్కడ తాళంలో ఒక్క దెబ్బ, ఆవృతమంటే ఆ దెబ్బల చుట్టు. వాళ్లు 12 నుంచి లెక్కపెడతారు: పన్నెండు, ఒకటి, రెండు, మూడు… ఊనికలు 12, 3, 6, 8, 10 మీద పడతాయి. ఈ అంకెలు గుర్తుపెట్టుకోవడం అక్కడి పిల్లలకే కష్టం. మనకు ఆ అవసరం లేదు. 12కీ 3కీ మధ్య మూడు, 3కీ 6కీ మధ్య మూడు, తర్వాత రెండు, రెండు, రెండు. అంటే తకిట తకిట తక తక తక. అంతే. ప్రతి ముక్క మొదటి ‘త’ మీద చప్పట్టు వేయండి. అనండి… తకిట తకిట తక తక తక. మళ్లీ. అదిగో, చివరి మూడు ‘తక’ల దగ్గర అందరూ పరిగెత్తారు. (నవ్వులు) రెండక్షరాల ముక్కలు చిన్నవి కాబట్టి వేగం పెరిగినట్టు అనిపిస్తుంది, చెయ్యి తొందరపడుతుంది. లోపలి అక్షరం వేగం మారకూడదు. ఇంట్లో సాధన చేసేవాళ్లు మెట్రోనోమ్‌ని అక్షరానికి ఒక దెబ్బగా 100 దగ్గర పెట్టుకోండి. పది ఆవృతాలు తప్పకుండా వచ్చాకే 10 చొప్పున పెంచండి. ఈ లెక్క పేరు ‘బులెరియా’. నిజం పాటలో నిమిషానికి 200 అక్షరాల పైన పోతుంది. ఒక్కసారే అక్కడికి ఎక్కితే తడబాటు తప్పదు.

ఇప్పుడు అదే చక్రాన్ని వేగం తగ్గించి, 12 దగ్గర కాకుండా 1 దగ్గర పాట ఎత్తుకుంటే ‘సోలెయా’. మొదటి ఊనిక 3 మీద వస్తుంది, చివరిది 12 మీద. గిటార్ వాక్యం మాత్రం 10 మీద మూసుకుంటుంది, 11, 12 ఊపిరి తీసుకునే చోటు. కొత్తగా నేర్చుకునేవాళ్లు ఒకటి అనగానే గట్టిగా కొడతారు. సోలెయా అక్కడే వాల్ట్జ్, అంటే యూరప్ వాళ్ల మూడక్షరాల నాట్యలయ, అయి కూర్చుంటుంది. ఒకటి బరువైన చోటు కాదు, అది బయల్దేరే చోటు.

అదే చక్రాన్ని 8 దగ్గర మొదలుపెట్టి చూడండి. తక తక తకిట తకిట తక. దీని పేరు ‘సెగిరియా’. ఫ్లమెంకోలో అన్నిటికంటే బరువైన దుఃఖం దీన్లోనే పాడతారు. మళ్లీ చెబుతున్నాను: అవే 12 అక్షరాలు, అవే 5 ఊనికలు. చక్రం ఒకటే, ఎత్తుగడ వేరు. బులెరియాలో పెళ్లి, సెగిరియాలో చావు. పల్లవిని ఒకే తాళంలో వేరే ఎడుపు నుంచి ఎత్తుకుంటే దాని స్వభావమే మారిపోవడం మన కచేరీల్లో విన్నవాళ్లకు ఇది వింతగా అనిపించదు.

‘తాంగోస్’ అనే రకం మాత్రం నాలుగక్షరాలే. అందులో ఒకటి మీద చప్పట్టు ఉండదు, 2, 3, 4 మీద వేస్తారు. అది ఆడేవాళ్ల కాలికి వదిలేసిన ఖాళీ.

చప్పట్ల గురించి ఒక్క నిమిషం. వాటిని ‘పాల్మాస్’ అంటారు, వేయడానికి వేరే కళాకారులే ఉంటారు. రెండు రకాలు. కుడిచేతి వేళ్లు ఎడమ అరచేతి గుంటలో కొడితే ‘టప్’ అని పొడిగా, పైకి వినిపిస్తుంది. రెండు అరచేతులూ దొప్పల్లా వంచి అడ్డంగా కలిపితే ‘ధుప్’ అని మూగగా వస్తుంది. గాయకుడు పాడుతున్నంతసేపూ మూగ చప్పట్లే వేయాలి. గాయకుడు ఆపి గిటార్ గానీ నాట్యం గానీ అందుకున్నప్పుడు పొడివి. తెలియనివాళ్లు ఉత్సాహంలో దీన్ని తిప్పి చేస్తారు. గాయకుడు గొంతు ఎత్తేసరికి వీళ్లూ చెయ్యి పెంచుతారు. దాంతో అసలు విందామనుకున్నదే మునిగిపోతుంది.

ఇప్పుడు కమరోన్ దగ్గరికి వద్దాం. ఫ్లమెంకో పాట సాహిత్యం చాలా పొట్టి. మూడు నాలుగు పాదాలు, పాదానికి సుమారు ఎనిమిది అక్షరాలు (మాటలోవి, తాళంలోవి కావు). మన ఆటవెలది కంటే చిన్నది. ఆ కాస్త మాటను గాయకుడు సాగదీయాలి, విరవాలి, తిరగవేయాలి. ముందు ‘ఆయ్’ అంటూ గొంతు సర్దుకుంటాడు. దాన్ని ‘తెంప్లే’ అంటారు, శ్రుతి పెట్టుకోవడం అని అర్థం. ఆ తర్వాత పాదం. మామూలు గాయకుడు పాదాన్ని ఆవృతం మొదట్లో ఎత్తుకుని, మాటల్ని సమంగా పరిచి, 10 మీద దింపుతాడు. తప్పు లేదు, చక్కగానే ఉంటుంది. కమరోన్ ఎత్తుకోడు. రెండు, మూడు అక్షరాలు పోనిస్తాడు. చప్పట్లు వేసేవాడి కళ్లలో భయం కనపడే వేళకు ఎత్తుకుంటాడు. మిగిలిన కాస్త జాగాలో మాటలన్నీ ఒకదానిమీద ఒకటి ఎక్కించి, సరిగ్గా 10 మీద వదులుతాడు. మనవాళ్లు అనాగతమంటారే, ఆ పద్ధతి. అది కూడా ముందే లెక్కకట్టి పెట్టుకున్నది కాదు, ఒక్కో చరణానికి ఒక్కో చోట.

రెండోది ఊపిరి. పాదం అయిపోయాక శ్వాస తీసుకోవడం అందరి అలవాటు. ఆయన పాదం చివర ఆగకుండా తర్వాతి పాదాన్ని అదే ఊపిరితో లంకె వేస్తాడు. ఫ్లమెంకోలో దీనికి చాలా గౌరవం ఉంది. కానీ తర్వాత ఎక్కడో మాట మధ్యలో, ఎవరూ ఊహించని చోట, తెంపి ఊపిరి తీసుకుంటాడు. ఆ తెంపు వల్ల మాట రెండు ముక్కలై అర్థం వేడెక్కుతుంది. దీన్ని కాపీ చేసేవాళ్లు తెంపడం నేర్చుకుంటారు, లంకె వేయడం నేర్చుకోరు. అప్పుడు అది ఆయాసంలా ఉంటుంది.

ఈ లెక్క ఎక్కడ అబ్బింది? కొంత ఇంట్లో, కొంత సాన్ ఫెర్నాండోలోని వెంతా దె వర్గాస్ అనే భోజనశాలలో. పెద్ద గాయకులు దారిన పోతూ ఆగే చోటది. కుర్రవాడు అక్కడ పాడుతుండగా నాటి మహా గాయకుడు మనోలో కరకోల్ విన్నాడు. విని పెద్దగా మెచ్చుకోలేదనీ, కమరోన్ దాన్ని జీవితాంతం మరిచిపోలేదనీ చెప్పుకుంటారు. కానీ అసలు బడి మాడ్రిడ్‌లో, తొర్రేస్ బెర్మేహాస్ అనే ‘తబ్లావో’లో. తబ్లావో అంటే రాత్రిపూట ఫ్లమెంకో ఆడి పాడే చిన్న వేదిక, పక్కన భోజనం బల్లలు. 1968లో అక్కడ చేరి, సుమారు 12 ఏళ్లు దాన్ని అంటిపెట్టుకునే ఉన్నాడు. అక్కడ గాయకుడు ముందు కూర్చోడు. నర్తకి వెనక నిలబడి ఆమె పాదం చూస్తూ పాడాలి. ఆమె మడమతో ‘పిలుపు’ కొట్టి ముగించిందాకా చరణం ఎత్తకూడదు. ఎత్తాక ఆమె అడుగు మళ్లీ ముగింపుకి వచ్చేలోపు దించేయాలి. పొరపాటు జరిగితే సభ మొత్తానికీ తెలిసిపోతుంది. రాత్రికి రాత్రి ఏళ్ల తరబడి ఈ పని చేసినవాడికి 12 అక్షరాలు నెత్తురులో కలిసిపోతాయి. తర్వాత పెద్ద వేదికలో కుర్చీలో కూర్చుని పాడినప్పుడు ఆయన ఆడుకున్నదంతా ఆ జీతం రాళ్ల రాత్రుల సంపాదనే.

మాడ్రిడ్‌లోనే గిటార్ కళాకారుడు పాకో దె లూసియా కలిశాడు. ఆల్హెసిరాస్ ఊరివాడు, 1947 డిసెంబర్‌లో పుట్టాడు, కమరోన్ కంటే మూడేళ్లు పెద్ద. 1969 నుంచి 1977 దాకా ఇద్దరూ కలిసి 9 ఎల్పీలు చేశారు. పాకో తండ్రి ఆంతోనియో సాంచెజ్ నిర్మాత, అన్నయ్య రమోన్ రెండో గిటార్. ఈ తొమ్మిదీ దాదాపు సంప్రదాయమే: రెండు గిటార్లు, చప్పట్లు, గొంతు. 1972 నాటి ‘కనస్తేరా’లో మాత్రం ఇద్దరూ కలిసి ఒక కొత్త రకాన్నే కట్టారు. బుట్టలల్లే ఆమె అని దానర్థం, వాళ్లమ్మ వృత్తి. ‘కమరోన్ తర్వాతి ఆల్బమ్‌లే అసలైనవి’ అని ఈ మధ్య కుర్రవాళ్లు అంటుంటే విన్నాను. వాళ్లు ఈ తొమ్మిదింటిలో నాలుగైనా విని ఉండరని నా అనుమానం.

పాకో ఏం చేశాడో తెలియాలంటే స్వరం గురించి కాస్త చెప్పుకోవాలి. ఫ్లమెంకోలో చాలా పాటల మెట్లు మన హనుమతోడి రాగానివి: శుద్ధ రిషభం, సాధారణ గాంధారం, శుద్ధ మధ్యమం, శుద్ధ ధైవతం, కైశికి నిషాదం. గమకం, అంటే స్వరాన్ని ఊపే తీరు, మాత్రం తోడిది కాదు. తోడి గాంధారం ఊగినట్టు అక్కడ ఊగదు, కాబట్టి వినగానే తోడి అనిపించదు. పైగా వాక్యం షడ్జం మీద వాలేటప్పుడు గిటార్ వేసే తీగలో, అంటే ఒకేసారి మోగించే స్వరాల గుంపులో (కార్డ్), అంతర గాంధారం ఉంటుంది. అప్పుడది వకుళాభరణ రాగం వైపు జరుగుతుంది. గొంతులో ఒక గాంధారం, గిటార్‌లో మరో గాంధారం. ఈ రాపిడిలోనే ఫ్లమెంకో కారం ఉంది. గిటార్ వాళ్ల లెక్కలో ఎ మైనర్, జి, ఎఫ్, ఇ అని దిగడం అంటే ఇదే. ఎఫ్ నుంచి ఇ అంటే శుద్ధ రిషభం నుంచి షడ్జానికి.

గాయకుడు పాదాన్ని ఎక్కడ దింపుతాడో ముందే తెలియకపోతే గిటార్ ఆయనకు ఎలా తోడుంటుంది? అంకెలు లెక్కపెట్టి తీగ మార్చేవాడు కమరోన్ దగ్గర ఒక రాత్రి కూడా నిలవడు. రిషభం వైపు గొంతు వంగడం వినగానే ఎఫ్‌కి వెళ్లాలి, అక్కడ ఎంతసేపు ఉంచితే అంతసేపు ఉండాలి, ఆయన వదిలిన క్షణాన ఇ ఇవ్వాలి. ఒక్క అక్షరం ముందిచ్చినా పాట చచ్చుబడిపోతుంది. పాకో, ఆయన తర్వాత కమరోన్‌కి గిటార్ పట్టిన తోమాతీతో, ఇద్దరూ చేసిన పని ప్రధానంగా ఇదే. వేళ్ల వేగం అందరికీ కనపడుతుంది, ఈ ఆగడం కనపడదు.

శ్రుతి సంగతి. గిటార్‌కి ‘సెహియా’ బిగిస్తారు, మనవాళ్లు క్యాపో అంటారు. ఒక్కో గడి జరిపితే అర స్వరం పెరుగుతుంది. ఇ ఆకారంలో వాయిస్తూ మూడో గడిలో క్యాపో పెడితే అది మన 5 శ్రుతి. ఎ ఆకారంలో అదే మూడో గడి 1 శ్రుతి. గాయకుడికి ఏది పడుతుందో చూసి వాద్యకారుడే సర్దుకుంటాడు. క్యాపో గట్టిగా బిగిస్తే తంతులు పైకి పోతాయి, పెట్టాక మళ్లీ శ్రుతి చూసుకోవాల్సిందే. మరీ పైగడులకు వెళితే గిటార్ మాండొలిన్‌లా సన్నబడుతుంది, మరీ కిందుంటే గొంతులో నిప్పు రాదు.

‘ఫందాంగో’ గురించి చెప్పకుండా దాటలేను. కమరోన్ ఫందాంగోలంటే అక్కడ ప్రాణం పెడతారు. గిటార్ తోడి మెట్ల మీద మొదలుపెడుతుంది. గాయకుడు ఎత్తుకోగానే నేల మారిపోతుంది. శుద్ధ ధైవతాన్ని షడ్జం చేసుకుని శంకరాభరణంలో పాడతాడు. గ్రహభేదం తెలిసినవాళ్లు ఇప్పుడు తల ఊపుతున్నారు. (నవ్వులు) ఐదు పాదాల పద్యంలో ఒకటి తిరగ్గా ఆరు వాక్యాలవుతాయి. తీగల వరుస సి, ఎఫ్, సి, జి, సి, ఎఫ్. అయిదు వాక్యాలు వెలుతురులో నడిచి, ఆరో వాక్యం చివర ఎఫ్ నుంచి ‘ఇ’కి, అంటే మళ్లీ తోడి షడ్జానికి, జారిపడుతుంది. కమరోన్ ఆ ఆరో వాక్యాన్ని గట్టిగా పాడడు. అప్పటిదాకా అరిచినవాడు అక్కడ గొంతు తగ్గిస్తాడు. మెట్టు దిగేటప్పుడు పట్టు వదిలేసినట్టుంటుంది.

1979కి వద్దాం. పాకోతో జంట ఆగింది. సెవిల్‌కి చెందిన రికార్దో పచోన్ నిర్మాతగా ‘లా లెయెందా దెల్ తియెంపో’ అనే ఆల్బమ్ వచ్చింది. కాలం గురించిన పురాగాథ అని అనుకోవచ్చు. గిటార్‌కి తోమాతీతో, అల్మెరియా కుర్రవాడు, అప్పటికి ఇరవై ఏళ్లు. పక్కన రైముందో ఆమడోర్, కికో వెనేనో అనే కొత్త తరం సంగీతకారులు, డ్రమ్స్, బాస్, కీబోర్డులు, ఫ్లూట్. సాహిత్యంలో ఎక్కువ భాగం స్పెయిన్ కవి గార్సియా లోర్కా కవిత్వం. మనకు దువ్వూరి రామిరెడ్డి గారి తెలుగులో పరిచయమైన ఉమర్ ఖయ్యాం కూడా ఒక బులెరియాలో కనపడతాడు. చివరి పాట ఒక లాలి. నీళ్లు తాగనన్న పెద్ద గుర్రం గురించి. అది లోర్కా నాటకంలోని జోలపాట. దానికి గిటార్ లేదా అంటే ఉంది, కానీ ముందు వినిపించేది సితార్. వాయించింది గ్వాల్‌బెర్తో అనే సెవిల్ రాక్ సంగీతకారుడు. శతాబ్దాల వెనకటి వలసకీ ఈ సితార్‌కీ ఏ సంబంధమూ లేదు. అది డెబ్బైల నాటి రాక్ కుర్రకారు మోజుతో వచ్చిన వాద్యం. అయినా ఆ గొంతు ఆ తంతుల మీద వాలడం ఒకసారి విని ఊరుకోలేం.

ఆ ఆల్బమ్ మీద ఆయన పేరుకి ముందు వేసే ‘ఎల్’, వెనకుండే ‘దె లా ఇస్లా’ రెండూ పోయి ఉత్త కమరోన్ మిగిలింది. జనానికి నచ్చలేదు. హితానోలు కొందరు రికార్డును దుకాణానికి తిరిగి పట్టుకెళ్లి ‘ఇది కమరోన్ కాదు’ అన్నారని ప్రతీతి. ఆయన బతికున్నన్నాళ్లూ 6,000 కాపీలు కూడా పోలేదంటారు. ఇవాళ స్పెయిన్ సంగీతంలో ముఖ్యమైన ఆల్బమ్‌ల జాబితా ఎవరు వేసినా అది పైన ఉంటుంది. నా మాట అడిగితే, అందులో వాద్యాల కూర్పు కొన్నిచోట్ల ఇరుకుగా ఉంది, డ్రమ్స్ ఆయన తర్వాత పరిగెడుతుంటాయి. కానీ గొంతు లెక్క తొమ్మిది పాత ఎల్పీల్లో ఉన్నదే. జనం కొత్తదనుకున్నది చుట్టూ ఉన్న సామాను మాత్రమే.

తర్వాత 1981లో ‘కోమో ఎల్ అగ్వా’, అంటే నీటిలా. పాకో మళ్లీ వచ్చాడు, పక్కన తోమాతీతో. టైటిల్ పాట తాంగోస్, ఈ సభలో కొత్తగా వినేవాళ్లెవరైనా ఉంటే ఇంటికెళ్లి మొదట పెట్టాల్సింది అదే. ఆ తర్వాత ‘కయ్యే రియల్’, ‘వివిరే’ వగైరా. 1989లో ‘సోయ్ హితానో’, ‘నేను హితానోని’. దానికి లండన్ రాయల్ ఫిల్హార్మోనిక్ ఆర్కెస్ట్రా వాయించింది. అమ్మకాల్లో ఫ్లమెంకో చరిత్రలోనే ముందువరసలో నిలిచిందది. వ్యక్తిగతంగా చాలా సిగ్గరి, ముభావి. 1976లో లా లీనియా ఊరి అమ్మాయి దొలోరెస్ మొంతోయాను పెళ్లాడాడు, అందరూ ఆమెను ‘లా చిస్పా’, నిప్పురవ్వ, అనేవారు. నలుగురు పిల్లలు. విపరీతంగా సిగరెట్లు, దాంతోపాటు హెరాయిన్. ఎనభైల్లో స్పెయిన్ వీధుల్ని ఖాళీ చేసిన మత్తు అది, ఈయన్నీ వదల్లేదు. ఒప్పుకున్న కచేరీకి రాని రోజులున్నాయి. వచ్చిన రోజు జనం పసిపిల్లల్ని ఎత్తుకొచ్చి తాకించమనేవారు.

చివరి కచేరీ 1992 జనవరి 25న మాడ్రిడ్‌లో ఒక విద్యార్థి వసతిగృహం వేదిక మీద, తోమాతీతో గిటార్‌తో. చివరి ఆల్బమ్ ‘పోత్రో దె రబియా ఇ మియెల్’ అప్పటికే జబ్బు మీద ఉండగా ముక్కలుముక్కలుగా రికార్డు చేసింది, పాకో, తోమాతీతో ఇద్దరూ ఉన్నారు. ఊపిరితిత్తుల క్యాన్సర్. అమెరికా వెళ్లి వైద్యులకు చూపించుకున్నా లాభం లేకపోయింది. 1992 జులై 2న బార్సిలోనా పక్కన బదలోనాలో కన్నుమూశాడు. 41 ఏళ్లు. సాన్ ఫెర్నాండోకి తెచ్చినప్పుడు లక్షమంది దాకా వచ్చారని అంచనా. శవపేటిక మీద హితానోల జెండా కప్పారు. పైన నీలం, కింద ఆకుపచ్చ, మధ్యలో ఎర్రటి చక్రం, 16 ఆకులు. 1971లో లండన్ దగ్గర జరిగిన తొలి ప్రపంచ రోమా (జిప్సీల) మహాసభ ఆమోదించిన జెండా అది. ఆ చక్రం ఎక్కడి నుంచి వెళ్లిందో మీకు చెప్పక్కర్లేదు. పాటల హక్కుల మీద పత్రికల్లో గొడవ రేగింది, పాకో చాలా నొచ్చుకున్నాడు, కొన్నాళ్లు వేదిక ఎక్కలేదు.

2000 డిసెంబర్ 5న, బతికుంటే ఆయన యాభయ్యో పుట్టినరోజున, ఆందలూసియా ప్రభుత్వం ఆయనకు ‘బంగారు తాళంచెవి’ ఇచ్చింది. ఫ్లమెంకో గాయకులకిచ్చే ఈ గౌరవం 1860ల నుంచి లెక్కేస్తే అప్పటికి నలుగురికే దక్కింది. సాన్ ఫెర్నాండోలో ఇప్పుడు వెంతా దె వర్గాస్ పక్కనే ఆయన మ్యూజియం ఉంది.

వారసత్వం అంటే ఇవన్నీ కాదనుకోండి. చెడ్డ వారసత్వం ముందు చెబుతాను. ఆయన పోయాక ఒక తరం మొత్తం కమరోన్‌లా పాడింది. వాళ్లకొక పేరు కూడా పెట్టారు, ‘కమరొనేరో’లని. వాళ్లు ఎత్తుకున్నది చివరి పదేళ్ల గరుకు గొంతు. 1969 నాటి రికార్డు వినండి, ఆ గొంతులో గరుకు ఏదీ? గాజులా శుభ్రంగా, పైకి, శ్రుతిలో సూదిమొనలా ఉంటుంది. ఆ తర్వాతి గరగర పొగ చేసిన గాయం. ఇరవై ఏళ్ల ఆరోగ్యవంతుడు గొంతు నులిమి ఆ గాయాన్ని అనుకరిస్తే ఏమవుతుంది? మొదట పైస్థాయి పోతుంది. దాన్ని అందుకోవడానికి మెడ నరాలు బిగిస్తాడు. నరాలు బిగిస్తే గొంతు సాగదు, ఊపిరి రెండు పాదాలకు సరిపోదు, పాదం మధ్యలో తెగుతుంది. తెగాక 10ని అందుకోవడానికి తొందరపడతాడు, లయ పోతుంది. ఒక్క గరగర కోసం మొత్తం లెక్క వదిలేసుకున్నట్టే. మంచి వారసులూ ఉన్నారు. గాయకుడు దుకెందే పసితనంలోనే కమరోన్ గిటార్ పట్టి పక్కన కూర్చుని పాడించుకున్న కుర్రవాడు. ఇవాళ్టి స్పెయిన్ పాప్ గాయని రొసలియా కూడా తనను ఫ్లమెంకో వైపు లాగింది కమరోనేనని చెప్పుకుంటుంది. వీళ్లు ఆయనలా వినిపించరు. ఆయనలా ఆగుతారు.

ప్రశ్నలకు ముందు ఒక పాట పెడతాను. 1969 ఆల్బమ్‌లోది, బులెరియా. ‘నిన్ను చూస్తే పూలు ఏడుస్తాయి’ అని మొదటి మాట. పాడేటప్పటికి ఆయనకు పద్దెనిమిదేళ్లు. అందరూ దొప్ప చేతులతో, మూగగా. ఆయన ఎత్తుకోకపోయినా మీరు ఆగొద్దు, వేగం పెంచొద్దు. పన్నెండు మీద మొదలు. తకిట తకిట తక తక తక…